రహీం సాబు, మా డ్రిల్లు మాస్టారు

సినిమా పత్రికలో ఫుట్‌బాల్ గోలేమిటండీ అని మీరు పేజీ తిప్పేయబోతున్నారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. ఇది సినిమా కబురే. కాకపోతే కొంచెం చుట్టు తిరిగి వస్తుంది.

మాది ఉయ్యాలవాడ. అవునండీ, ఆ ఉయ్యాలవాడే! 2019 అక్టోబరు 2న ‘సైరా నరసింహారెడ్డి’ విడుదలైతే మా ఊరి కుర్రకారు ట్రాక్టర్లు కట్టుకుని ఆళ్లగడ్డకు పరిగెత్తారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో తెల్లదొరలు ఉరితీసిన మనిషి. ఆయన తలను ముప్పై ఏళ్లు కోట మీద వేలాడగట్టారు. అటువంటి మనిషి చిరంజీవి రూపంలో తెర మీదికి రాగానే మా అవ్వ కూర్చున్న సీట్లోనే రెండు చేతులూ ఎత్తి మొక్కింది. అంతవరకు బస్సులో ఎవరైనా “ఏ ఊరప్పా?” అంటే “ఆళ్లగడ్డ దగ్గర” అని గొణిగే మావాళ్లు, ఆ మర్నాటి నుంచి “ఉయ్యాలవాడ” అని గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టారు. సినిమాకున్న బలం అటువంటిది.

ఆ బలాన్ని నమ్ముకునే నేనొక పెద్దమనిషికి అన్యాయం చేశాను. ఆయన మా బడి డ్రిల్లు మాస్టారు.

మా బడికి ఉన్నది ఒకే ఒక్క ఫుట్‌బాల్. బ్లాడర్‌కు సైకిల్ షాపులో ఎన్ని అతుకులు వేయించారో లెక్కలేదు. ఇక గ్రౌండంటారా, నల్లరేగడి నేల. ఎండాకాలం నెర్రెలు విచ్చి పాదం ఇరుక్కుపోయేది, వాన పడితే బంతి అడుసులో కూరుకుపోయేది. బూట్లు ఎవడికీ లేవు. తుమ్మముల్లు గుచ్చుకుంటే పీకి పారేసి మళ్లీ పరిగెత్తేవాళ్లం. ఇంత చాలదన్నట్టు మా సారు శనివారం శనివారం ఒక విచిత్రమైన పందెం పెట్టేవారు. అందరూ ఎడంకాలితోనే ఆడాలి. కుడికాలికి గుడ్డపేలిక కట్టేవారు. ఆ కాలు బంతికి తగిలిందో, ఫౌల్! మేం తూలి బోర్లా పడుతుంటే గట్టు మీద ఆడపిల్లలు పకపకా నవ్వేవాళ్లు.

“ఏమిరా అబ్బీ, ఎడంకాలు ఇంట్లో మరిచిపెట్టొచ్చినావా?” అని అరిచేవారు సారు.

ఇంకో శనివారం బంతి ఎవడి కాలి దగ్గరా ఆగకూడదు, తాకిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. సారుకు తిక్క అనుకున్నాం. మెల్లిగా ఒక్కొక్కరం క్రికెట్‌లోకి జారుకున్నాం. మొదట జారుకున్నవాడిని నేనే.

నంద్యాలలో డిగ్రీ అయ్యాక సినిమా పత్రికలకు రాయడం మొదలుపెట్టాను. ఏ హీరో ఏ రంగు చొక్కా వేశాడు, ఏ హీరోయిన్ షూటింగులో ఏం తిన్నది... అబద్ధమెందుకు, మీరూ చదివారు, నేనూ నాలుగు డబ్బులు చూశాను. 2014 సంక్రాంతికి ఊరెళ్తే టీ అంగడి దగ్గర సారు పట్టుకున్నారు. అప్పటికి రిటైరయ్యారు. గంటసేపు ఒకే మనిషి గురించి చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదు కోచ్. “పేపర్లో రాస్తాండావు కదరా, రహీం సాబును గురించి రాయి” అన్నారు.

నేనేమన్నానో తెలుసా? “ఎవరు చదువుతారు సార్! ఎవరైనా హీరో ఆయన వేషం వేస్తే అప్పుడు రాస్తాలెండి.”

సారు నవ్వేసి, నా టీకి కూడా ఆయనే డబ్బులిచ్చి వెళ్లిపోయారు.

పదేళ్లకు, 2024 ఏప్రిల్‌లో, హీరో వేషం వేయనే వేశాడు. అజయ్ దేవగణ్ రహీంగా హిందీ ‘మైదాన్’ విడుదలైంది. అమిత్ శర్మ దర్శకుడు, ఎ.ఆర్. రెహమాన్ సంగీతం, రహీం భార్యగా మన ప్రియమణి. 2019లో మొదలైన చిత్రం కరోనాకు చిక్కి, 2021 మే తుపానులో బొంబాయి సెట్టు దెబ్బతిని, వాయిదాల మీద వాయిదాలు పడి బయటికొచ్చింది. నేను హైదరాబాదులో చూసిన ఆటకు జనం పలచగా ఉన్నారు. హైదరాబాదు మనిషి కథ, అదీ హైదరాబాదులోనే! నా వెనకవరుస కుర్రాడు పక్కవాడితో “ఇది నిజంగా జరిగిందా?” అన్నాడు. తల తిప్పి జవాబు చెబుదామనుకున్నాను. ఏ మొహంతో చెప్పను?

ఆ కుర్రాడికి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు మీకు చెబుతాను.

రహీం 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు, ఆ తర్వాత క్లబ్బులకు ఆడారు. బతుకుతెరువు మాత్రం బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ బడిలో, చాదర్‌ఘాట్ బడిలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆటగాడు కోచ్ కావడం మామూలే. కానీ ఈయనలో ఆటగాడికీ కోచ్‌కీ నడుమ ఒక బడిపంతులు ఉన్నాడు. ఎక్కడ తప్పు చేస్తున్నావో చూసి, ఆ తప్పే వందసార్లు దిద్దించే రకం.

1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది మొదలు 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసులే ఎగరేసుకుపోయారు! కలకత్తా మహా జట్లు నోరెళ్లబెట్టాయి. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల ఫైనల్. ఇరాన్ మీద మేవాలాల్ గోలుతో 1–0. స్వర్ణ పతకం.

మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్. మనవాళ్లలో చాలామంది ఉత్తికాళ్లతో దిగారు. యుగొస్లావియా చేతిలో 10–1! ఆ అవమానం తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. రహీం ఆ ఓటమిని దిగమింగి కూర్చోలేదు. హంగరీ వాళ్ల ఆట తీరును పట్టుకుని మనవాళ్లకు అచ్చంగా నూరిపోశారు. 1956 మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టగా ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ మెట్టు మళ్లీ ఎక్కలేదు.

ఇక జకార్తా, 1962. సినిమాలో చివరి ఇరవై నిమిషాలు చూసి గుండె దడదడలాడనివాడు ఉండడు. అదంతా అల్లిన కథ అనుకుంటున్నారేమో. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2–0తో ఓడించింది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నయిల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇజ్రాయిల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన జి.డి. సోంధీ తప్పుబట్టేసరికి ఊరు ఊరంతా మనవాళ్ల మీద కత్తికట్టింది. సెప్టెంబరు 4న ఫైనల్. దాదాపు లక్షమంది జనం, అందరూ మనకు ఎదురే. రహీం చేసిన పనేమిటో తెలుసా? తలకు కుట్లతో ఉన్న ఆ డిఫెండర్‌ను తెచ్చి ముందువరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ ఒక గోలు. అదే కొరియా మీద 2–1. ఆసియా ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం రానేలేదు.

అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయారు. యాభై నాలుగేళ్లయినా నిండలేదు.

ఆయన వెనక హైదరాబాదు నేల ఊరికే ఉండలేదు లెండి. సయ్యద్ నయీముద్దీన్ 1970 బాంకాక్‌లో కెప్టెన్‌గా కాంస్యం తెచ్చి, తర్వాత దేశానికి కోచ్ అయ్యారు. ఆటకు అర్జున, నేర్పినందుకు 1990లో ద్రోణాచార్య. 1977లో కలకత్తాకు పీలే కాస్మోస్ జట్టుతో వస్తే మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన మహమ్మద్ హబీబూ మనవాడే. ఆయనా తర్వాత పిల్లలకు నేర్పినవాడే.

సరే, మళ్లీ ఉయ్యాలవాడకు వద్దాం. సినిమా చూశాక రెండు నెలలకు అది ఇంట్లో చూసే వీలు రాగానే లాప్‌టాప్ పట్టుకుని సారు ఇంటికెళ్లాను. అరుగు మీద కూర్చుని చూశారు. అధికారుల కుట్రలు, పత్రికాయన పగ వచ్చినప్పుడల్లా వక్కలు నముల్తూ “బిర్రున పోనీ, బిర్రున పోనీ” అన్నారు. నాకూ అక్కడే చిత్రం సాగినట్టనిపించింది. ఆటగాళ్లను ఏరుకోవడం చూపించారు, ఉత్సాహపరచడం చూపించారు. రోజూ పొద్దున్నే లేచి దిద్దే చాకిరీ తెర మీద తక్కువ. దేవగణ్ మాత్రం కేకలు లేకుండా కళ్లతోనే నెట్టుకొచ్చాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఫైనల్ రాగానే సారు ఆపమన్నారు. మనవరాలితో చింతపిక్కలు తెప్పించి అరుగు మీద పరిచారు. నలుగురు, ఇద్దరు, నలుగురు. “జర్నయిల్ ఈడికి వచ్చినాక చూడు, వాళ్లు ఎవరిని పట్టుకోవాల? తికమక పడిపోరూ?” అన్నారు. అప్పుడు అడిగాను, మా ఎడంకాలి పందెం సంగతి.

“అది నాది కాదురా. రహీం సాబు హైదరాబాదులో ఎడంకాలి పందేలు పెట్టేవారు, డ్రిబ్లింగు లేని పందేలూ పెట్టేవారు. మేం ట్రైనింగులో ఉన్నప్పుడు విన్నాం. మీతో ఆడించినా.”

అంటే ఆ నల్లరేగడిలో గుడ్డపేలికలు కట్టుకుని నేను బోర్లా పడింది జకార్తాలో గెలిచిన పాఠంలోనన్నమాట! దాన్ని తిక్క అన్నాను.

సినిమా అయిపోయింది. సారు చాలాసేపు ఊరకున్నారు. “బలరాం చూసినాడా దీన్ని?” అన్నారు.

తులసీదాస్ బలరాం. సికిందరాబాదు పేదింటి పిల్లవాడు. రహీం చెయ్యి పట్టి నడిపిస్తే ఇరవై ఏళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, జకార్తాలోనూ ఆడాడు. గురువు పోయిన 1963లోనే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో ఉండిపోయాడు.

“లేదు సార్. 2023 ఫిబ్రవరిలో పోయారు.”

“సాబు కొడుకు, హకీం?”

“2021 ఆగస్టులో.”

సారు చింతపిక్కలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశారు. “నేను చెప్పిన పొద్దు నువ్వు రైలెక్కి పోయి అడిగింటే బలరాం నోరారా చెప్పిండేవాడు కదరా” అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

2014లో హకీం ఉన్నారు, బలరాం ఉన్నారు, హబీబ్ ఉన్నారు. నా దగ్గర కలమూ ఉంది, రైలు ఛార్జీకి డబ్బులూ ఉన్నాయి. నేను హీరో కోసం కాచుకు కూర్చున్నాను.

లేచి వస్తుంటే సారు గుమ్మం దాకా వచ్చారు. “ఇప్పుడన్నా రాస్తావా?” అన్నారు. రాస్తానన్నాను. “నా పేరు వెయ్యొద్దు, సాబు పేరు పెద్దక్షరాల్లో వెయ్యి” అన్నారు.

పెద్దక్షరాల సంగతి ఎడిటరుగారి చేతిలో ఉంది. సారు పేరు మాత్రం వెయ్యలేదు.