గంప కిందా... గద్ద నీడలోనా?

కొబ్బరి మట్టల సందుల్లోంచి పెరట్లో ఓ నీడ సర్రున జారుతుంది. నేల కెలుకుతున్న పెట్ట గొంతు మార్చి అరుస్తుంది. అంతే... పిల్లలన్నీ దాని రెక్కల కింద దూరిపోతాయి. పదా, తొమ్మిదా? గద్ద పైకి లేచాక గానీ లెక్క తేలదు.

కోనసీమలో పెరటి కోళ్లున్న ఏ ఇంట్లోనైనా ఈ లెక్క ఉన్నదే. పెట్ట 21 రోజులు తిండి కూడా సరిగా తినకుండా పొదుగుతుంది. డజను పిల్లలు దిగితే నెల తిరిగేసరికి సగం మిగలడమే గొప్ప. అమలాపురం వైపు ఓ ఇంట్లో అత్తాకోడళ్ల వాదన దీని మీదే. ‘పెరడంతా వల కట్టించేద్దాం అత్తయ్యా’ అంటుంది కోడలు. ‘కట్టాక మేత నువ్వేస్తావేంటే?’ అంటుంది అత్తగారు. ఎత్తిపొడుపులా ఉంది గానీ అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

పెరటి కోడి తన తిండి తానే సంపాదించుకుంటుంది. కళ్లంలో రాలిన ధాన్యం, పేడకుప్పలో పురుగులు, కాలువ గట్టున నత్తలు, చెదలు... ఇంటావిడ సాయంత్రం చల్లే గుప్పెడు నూకలు గూటికి పిలవడానికే. అందుకే ఏడాదికి ఏ 60 గుడ్లో పెట్టినా లాభమే. బంధిస్తే తవుడు, నూకలు కొనాలి. పైగా ఇరుకులో కోళ్లు ఒకదాని ఈకలు మరొకటి పీక్కుంటాయి. గూడు తడిస్తే రోగాలు.

వదిలేస్తే దొంగల బెడద. ఆ దొంగలకూ వేళలున్నాయి. గద్ద, కాకి, ముంగిస పగలు వస్తాయి. అడవిపిల్లి, పునుగుపిల్లి చీకటి పడ్డాక. పాముకి వేళాపాళా లేదు. పొరుగింటి కుక్కయితే కోడి పోవడమే కాదు, తగువు కూడా! రాత్రి సంగతి తేలికే. నేలకు రెండడుగుల ఎత్తున గూడు, ముంగిస మూతి పట్టనంత సన్న కళ్ల ఇనుప వల, పొద్దు వాలకముందే గడియ. బాగా వెలుగు వచ్చాకే తలుపు తీయాలి. కష్టమంతా పగలే. విషం, ఉచ్చులు మాత్రం వద్దు. ముంగిసను, అడవిపిల్లిని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వరిచేలో ఎలుకల్ని పట్టేదీ అవే మరి.

గండమంతా పిల్లలకే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్ల కోసం వనరాజా రకాన్ని తయారుచేసింది. రంగురంగుల ఈకలు గద్ద కంట పడకుండా, పొడవు కాళ్లు పరుగు తీయడానికి. అయినా ఆ పిల్లల్ని ఆరు వారాలు లోపలే పెంచి ఆ తర్వాత వదలమంటారు. వాటికి తల్లి ఉండదు కదా! వనరాజా పెట్టలు పొదగవు. నాటు పిల్లలకు మాత్రం గద్ద మీదికే ఎగబడే తల్లి ఉంటుంది. వాటినీ ఈకలు వచ్చేదాకా తల్లితో పాటు పెద్ద గంప కింద ఉంచితే, ఆ తర్వాత పెరడు వాటిదే. చెట్టు మీద ఏట్రింత గూడుంటే అదృష్టమే. చిన్న పిట్టే గానీ గద్దను తరిమి తరిమి కొడుతుంది. తన పిల్లల కోసమే అనుకోండి!

అయితే 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక కోడలి మాటకు బలం వచ్చింది. వ్యాధి తేలిన చోటికి కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపేయాలన్నది నిబంధన. ఫారం కోడా, పెరటి కోడా అని చూడరు. గద్ద ఒక్కదాన్నే తన్నుకుపోతుంది. ఈ రోగం గూడు మొత్తం ఖాళీ చేస్తుంది. వలస పక్షులు, కొంగలు వాలే చెరువు గట్టున తిరిగే కోళ్లకు భయం ఇంకా ఎక్కువ. పెరడంతా వలకు అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు గానీ, మేత పళ్లెం, నీళ్ల తొట్టి చూరు కిందికి చేర్చింది. చుట్టుపక్కల వ్యాధి ఉందన్నప్పుడు మాత్రం మేత ఖర్చు చూసుకోకుండా కోళ్లను లోపలే ఉంచాల్సిందే. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చనిపోతే కూర వండే ఆలోచన మాని, ముందు పశువుల ఆస్పత్రికి కబురు చేయాలి.