ముందు స్ప్లెండర్ పోనీ!

సంక్రాంతి వెళ్లిన రెండో వారం. శనివారం పొద్దున్న ఐదున్నరకి విశాఖ ఆర్కే బీచ్‌లో ఐదు బళ్లు. రెండు బుల్లెట్లు, ఒక డామినార్, ఒక పల్సర్... చివర్లో ఓ పాత స్ప్లెండర్. దాని మీద చీరల మూట కట్టుకుని మా వాడి నాన్న ఇరవై ఏళ్లు ఊళ్లు తిరిగారు. వెనక ఇనప క్యారియర్ ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసి నవ్వినవాళ్లమే, "ఎలాగూ ఉంది కదా మావా" అంటూ ఐదుగురి బ్యాగులూ దానికే కట్టేశాం.

ప్లాన్ సింపుల్. భీమిలి మీదుగా శ్రీకాకుళం, అక్కణ్నుంచి కళింగపట్నం.

భీమిలి రోడ్డు అందం గురించి కొత్తగా చెప్పేదేముంది! కుడివైపు సముద్రం, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు. ఒక్కటి మాత్రం చెబుతా. మలుపుల్లో రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొస్తుంది, అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. భీమిలిలో ఇడ్లీ తిని, డచ్చివాళ్ల పాత సమాధులు చూసి, గోస్తనీ నది దాటాం.

భోగాపురం దగ్గర హైవే ఎక్కామో లేదో, మాకు పూనకం వచ్చేసింది. చిలకపాలెం జంక్షన్‌లో టీకి ఆగితే నలుగురమే ఉన్నాం. టీ అయిపోయింది. వాడు రాలేదు. నా ఫోనేమో హ్యాండిల్ మీద వీడియో తీస్తోంది. కాల్స్ అడ్డురాకూడదని సైలెంట్‌లో పెట్టా. చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే స్విచాఫ్.

వెనక్కి తిరిగాం. ఒకచోట డివైడర్ అవతల లారీ పక్కన జనం మూగి ఉన్నారు. నాకు కాళ్లు వణికాయి. బండి పక్కన పెట్టి, డివైడర్ ఎక్కి చూశా. లారీ టైరు మారుస్తున్నారు, అంతే.

రణస్థలం దాటాక కనిపించాడు. వెనక టైరు పంక్చర్. మా ఐదు బ్యాగులతో బండి తోసుకుంటూ వస్తున్నాడు.

"సారీ రా" అన్నా.

"మీ బ్యాగులు లేకపోతే ఎప్పుడో ఇంటికెళ్లిపోదును" అన్నాడు. నవ్వలేదు.

పంక్చర్ షాపాయన ట్యూబుకి రెండు చోట్ల ప్యాచ్ వేసి, క్యారియర్ వైపు చూసి "ఏటి బాబూ ఇంత బరువు?" అన్నాడు. మేం నలుగురం ఎవరి బ్యాగు వాళ్లం విప్పుకున్నాం.

గ్రూపు రైడ్‌లో మెల్లగా వెళ్లే బండిని ముందు పెట్టాలి, అనుభవమున్నవాడు అందరికన్నా వెనక రావాలి. ఆ వెనక వచ్చేవాణ్ని స్వీప్ అంటారు. ఇదంతా యూట్యూబ్‌లో చూసి నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? అక్కణ్నుంచి స్ప్లెండర్ ముందు, నేను చివర.

స్పీడు యాభై దాటలేదు. మొదట విసుగొచ్చింది, అబద్ధమెందుకు. తర్వాత మెల్లగా రోడ్డు పక్కన తేగల కట్టలు, సరుగుడు తోటలు కంటికి ఆనడం మొదలెట్టాయి. ఆగి తేగలు కొన్నాం. వాడు మాట్లాడకుండా తిన్నాడు. సాయంత్రం శ్రీకూర్మం వెళ్లాం. విష్ణుమూర్తి కూర్మావతారంలో ఉన్న గుడి. ఆవరణలో నక్షత్ర తాబేళ్లుంటాయి. వాటిని చూసి, "ఇక్కడ అందరూ నా స్పీడే" అన్నాడు వాడు. పొద్దుట్నుంచి అదే మొదటి జోకు. మేం అవసరానికి మించి నవ్వాం.

ఆదివారం శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలు, కింద వంశధార చూసి, కళింగపట్నం చేరాం. లైట్‌హౌస్, మెత్తటి ఇసుక, పక్కనే వంశధార సముద్రంలో కలిసే చోటు. చూడ్డానికి ప్రశాంతంగానే ఉంటుంది కానీ నదీముఖాల్లో ఒరవడి మోసం చేస్తుంది, ఈతకి దిగొద్దు. మేం మోకాళ్ల దాకానే.

అప్పుడే వాడి నాన్న ఫోను. "బండెలా ఉందిరా?"

పంక్చర్ సంగతి చెబుతాడేమో అని మేమంతా వాడి వైపే చూస్తున్నాం.

"బాగా నడుస్తోంది నాన్నా," అన్నాడు. "అందరికన్నా ముందు మనదే."