బైండరు కొలత, మందమర్రి ఎండ

ఛాతీ బైండరు చూడ్డానికి చేతుల్లేని బిగుతు బనియను. రొమ్ములను ఒంటికి అదిమిపట్టి, పైన అంగీ వేసుకుంటే ఛాతీ చదునుగా కనిపించేలా చేయడం దాని పని. పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పెరిగాక మగవాడిగానో అందుకు దగ్గరగానో బతికే ట్రాన్స్‌మాస్క్యులిన్ వ్యక్తులు దీన్ని తొడుక్కుంటారు. అందరూ కాదు. ఛాతీతో పేచీ లేనివారూ ఉన్నారు, గడప దాటేటప్పుడు మాత్రమే వేసుకునేవారూ ఉన్నారు. వేసుకునేవారికి మాత్రం ఇది సోకు కాదు. ఛాతీ కనపడకుండా భుజాలు ముందుకు వంచి నడిచీ నడిచీ గూని పట్టిన మనిషి, బైండరు తొడిగిన రోజు నిటారుగా నడుస్తాడు.

దీని తయారీలో కీలకమంతా ముందుభాగంలో ఉంటుంది. అక్కడ సాగని గుడ్డను లోపల పొరగా వేసి కుడతారు. వీపు వైపు, పక్కల నైలాన్, స్పాండెక్స్ కలిసిన సాగే గుడ్డ ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు విచ్చుకోవడానికి ఆ సాగుడే చోటిస్తుంది. చుట్టూ ఒకే గట్టి గుడ్డతో కుట్టినదాన్ని ఎంత చవకగా దొరికినా కొనకపోవడమే మేలు. పొడవులో రెండు రకాలు. పొట్టిది పక్కటెముకల దగ్గరే ఆగుతుంది. నిలువుది నడుము దాకా వస్తుంది, పొట్టను కూడా కాస్త అదుముతుంది, కానీ కూర్చున్నప్పుడల్లా అంచు పైకి చుట్టుకుపోతుంది. విందు భోజనానికి బాసింపట్టు వేసుకుని కూర్చునే మనిషికి ఆ చుట్టుకున్న అంచు పొట్ట మీద తాడులా దిగుతుంది. పొట్టిదే నయం.

అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన అండర్‌వర్క్స్ కంపెనీ, మగవారిలో రొమ్ములు పెరిగే గైనకోమాస్టియాను కప్పిపుచ్చడానికి అమ్మిన బిగుతు బనియన్లనే ట్రాన్స్ పురుషులు చాలాకాలం వాడుకున్నారు. 2015లో మొదలైన జీసీటూబీ ట్రాన్స్ వ్యక్తుల కోసమే బైండర్లు కుట్టించింది. బ్రిటన్‌లో స్పెక్ట్రమ్ ఔట్‌ఫిటర్స్ ఉంది. మన దేశంలో ఆన్‌లైన్‌లో సులువుగా కనిపించేది ఇప్పటికీ గైనకోమాస్టియా వెస్టే. ఇంటికి పార్సిలు వస్తే విప్పి చూసే చేతులు నాలుగుంటాయి కనుక, ఆ పేరు మీద రావడమే కొందరికి వెసులుబాటు. ఎటొచ్చీ అది మగవారి ఒంటి తీరును బట్టి కుట్టినది. భుజం దగ్గర వదులుగా, చంకల కింద ఒరుసుకునేలా ఉండడం మామూలు.

కొలత తీసుకోవడానికి దర్జీ టేపు చాలు, దర్జీ అక్కర్లేదు. ఛాతీ అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట చుట్టూ ఒక కొలత, రొమ్ముల కింద ఒకటి, ఒక భుజం చివర నుంచి ఇంకో భుజం చివర దాకా ఒకటి. టేపు ఒంటికి ఆనాలి, నొక్కకూడదు. ఊపిరి బిగబట్టి కొలిస్తే ఒక అంగుళం తగ్గుతుంది. ఆ అంగుళం తర్వాత రోజంతా బాధిస్తుంది. ప్రతి కంపెనీ సైజు పట్టికా వేరు కనుక ఒకచోటి ‘మీడియం’ ఇంకోచోట ‘మీడియం’ కాదు. కొలత రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోవాలి. సైజు తగ్గిస్తే ఛాతీ ఇంకా చదునవుతుందన్నది అందరికీ వచ్చే ఆశ. తగ్గేది ఛాతీ కాదు, ఊపిరి.

కొత్త బైండరును తలమీంచి లాగితే భుజాల దగ్గర ఇరుక్కుంటుంది, చేతులు పైకి లేచే ఉండిపోతాయి, గదిలో పిలవడానికి మనిషి ఉండదు. ప్యాంటు తొడిగినట్టు కాళ్ల నుంచి పైకి లాక్కుంటే ఈ చిక్కు తగ్గుతుంది. భుజం నొప్పి ఉన్నవారికి పక్కన కొక్కేలు గానీ జిప్పు గానీ ఉన్న రకం మేలు. తొడిగాక రొమ్ములను చేత్తో పక్కలకూ కిందికీ సర్దుకోవాలి. ఆ తర్వాత అసలు పరీక్ష: గుండెనిండా ఊపిరి పీల్చగలగాలి, గట్టిగా దగ్గగలగాలి, చేతులు పైకెత్తి అటకమీది డబ్బా అందుకోగలగాలి, నేల మీద కూర్చుని లేవగలగాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, డొక్కలో సూదులు పొడిచినట్టున్నా, మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చినా ఆ సైజు తనది కాదు. అద్దం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు.

సైజు పట్టికలో లేని కొలత ఒకటుంది, ఎండ. డాలస్‌లో ఉండే ప్రవాసికి ఇల్లు, కారు, ఆఫీసు మూడూ ఏసీలోనే ఉంటాయి. అక్కడ ఏడాదిగా హాయిగా ఉన్న బైండరే సెలవులకు మంచిర్యాల జిల్లా మందమర్రికి వస్తే రెండో రోజుకే శత్రువవుతుంది. బొగ్గుబాయిల ఊళ్లలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. సింగరేణి క్వార్టర్లో కూలరు తిరుగుతున్నా అది పంపేది తడిగాలి, నైలాన్ కింద చెమట ఆరదు. రొమ్ముల కింది మడతలో, చంకల్లో ముందు చెమటకాయలు లేస్తాయి, తర్వాత చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది, తడి నిలిస్తే ఫంగస్ పడుతుంది. కింద పలచని నూలు బనియను వేసుకోవడం, ఇంటికి రాగానే విప్పి తుడుచుకుని ఒళ్లు పూర్తిగా ఆరనివ్వడం కొంత కాపాడతాయి. అంతకంటే మంచిది ఎండాకాలానికి అదుముడు తక్కువున్న ఇంకోటి ఉంచుకోవడం. మిగతా పని అంగీకి వదిలేయవచ్చు. ముదురు రంగు, గళ్ల గుడ్డ, రెండు జేబులు ఉన్న వదులు అంగీ ఛాతీ గీతను బాగా చెరిపేస్తుంది. మెడ చుట్టూ తిప్పి ముందుకు వేలాడేసిన తువ్వాల ఉత్తర తెలంగాణలో ఎవరికీ అనుమానం తేని వస్తువు, బైండరు కంపెనీలకు తట్టని ఉపాయం.

సింగరేణిలో షిఫ్టు ఎనిమిది గంటలు. బైండరుకూ సాధారణంగా చెప్పే హద్దు అదే. ఇది ప్రయోగశాలలో తేలిన అంకె కాదు, వాడినవారి అనుభవం, వైద్యుల జాగ్రత్త కలిసి గీసిన గీత. నిద్రలో, వ్యాయామంలో వేసుకోకూడదు. ప్రవాసి ఈ గీత దాటేది ఎక్కువగా ప్రయాణంలోనే. అమెరికా నుంచి విమానాల్లో ఇరవై గంటలకు పైన, హైదరాబాద్‌లో దిగాక రోడ్డు మీద దాదాపు 250 కిలోమీటర్లు. అన్ని గంటలు కూర్చుని, కునుకు తీస్తూ వచ్చే మనిషి ఒంటిమీద బైండరు ఉండకూడదు. స్పోర్ట్స్ బ్రా, దానిమీద వదులు స్వెటరు వేసుకుని వచ్చి, ఊరు దగ్గరపడ్డాక మార్చుకోవచ్చు. ఇంటికి చేరాక ఇంకో చిక్కు. మనవడిని చూసిన ముసలి చేయి ముందు వీపే తడుముతుంది, అక్కడ పట్టీ తగులుతుంది. వీపు పట్టీలు సన్నగా, భుజపుటెముకల మధ్యగా వెళ్లే రకం దీనికి కొంత నయం.

బైండింగు మీద జరిగిన పరిశోధనల్లో తరచూ చెప్పుకునేది సారా పైట్జ్‌మయర్ బృందానిది. 38 దేశాలకు చెందిన 1,800 మంది ఇచ్చిన జవాబుల్లో 97.2 శాతం మంది కనీసం ఒక ఇబ్బంది అయినా ఉందన్నారు. వెన్నునొప్పి, ఒళ్లు వేడెక్కడం సగానికి పైగా మందికి ఉన్నాయి. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం సగానికి దగ్గరగా ఉన్నాయి. కంపెనీ బైండర్లకూ ఎక్కువ రకాల ఇబ్బందులతో సంబంధం కనిపించడం చాలామంది ఊహించనిది. బాగా అదుముతాయి, రోజూ వేసుకుంటారు కనుక కావచ్చు. వారంలో ఎన్ని రోజులు వేసుకుంటారన్నదే ఇబ్బందులతో గట్టిగా ముడిపడింది. వారంలో ఒకటి రెండు రోజులు ఒంటికి సెలవివ్వడం అందుకే. అదే బృందం అడిగినవారిలో చాలామంది బైండింగు తమ మనసుకు మేలు చేసిందని కూడా చెప్పారు. ఆ మాట వదిలేసి శాతాలు మాత్రమే చూపిస్తే అది భయపెట్టడమే అవుతుంది.

కంపెనీ బైండరు దొరకనివారు మెడికల్ షాపులో క్రేప్ బ్యాండేజీ కొంటారు. బెణికిన మడమను పట్టి ఉంచడానికి చేసిన గుడ్డ అది. ఛాతీకి చుడితే కదిలేకొద్దీ బిగుసుకుంటుంది, పక్కటెముకలకు ఎటూ దారి ఉండదు. ప్యాకింగ్ టేపు అంతకంటే చెడ్డది, చర్మం ఊడివస్తుంది. ఆటగాళ్లు కండరాలకు అంటించే సాగే టేపు వేరే సంగతి. దాన్ని చుట్టూ చుట్టరు, రొమ్మును పక్కకు లాగి అంటిస్తారు, ఊపిరికి అడ్డు రాదు. ముందు చిన్న ముక్క అంటించి చర్మం ఒప్పుకుంటుందో లేదో చూడాలి, తీసేటప్పుడు నూనె రాసి మెల్లగా తీయాలి. చెమట ఒంటిమీద మందమర్రిలో అది ఎంతసేపు నిలుస్తుందన్నది మళ్లీ కాలాన్ని బట్టే.

ఆగని నొప్పి, మానని పుండు, ఆయాసం వస్తే డాక్టరును చూడాలి. చిక్కు డాక్టరు ముందు అంగీ విప్పడంలోనే ఉంది. హైదరాబాద్‌లో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్‌ను ట్రాన్స్ వ్యక్తుల కోసం దేశంలో వచ్చిన తొలి క్లినిక్‌గా చెబుతారు. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగి మూతపడింది, అదే ఏడాది టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎం.బి.బి.ఎస్. చదివిన ట్రాన్స్ మహిళ డాక్టర్ ప్రాచీ రాథోడ్ 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో చేరారు. అలాంటి డాక్టరు ముందు బైండరు అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పని ఉండదు.

ఉతకడం చన్నీళ్లలో, చేత్తో. డ్రయరు వేడికి స్పాండెక్స్ చచ్చిపోతుంది. ఆరేసేది నీడన, గాలి తగిలేచోట. బాయిలకు దగ్గరగా ఉండే క్వార్టర్లలో దండెం మీది తెల్లగుడ్డ సాయంత్రానికి బొగ్గుధూళితో మాసిపోతుంది కనుక నల్లరంగు కొనడమే తెలివి. పక్కింటి కళ్లకు జవాబు చెప్పక్కర్లేకుండా తువ్వాల కింద ఆరేసేవారు వానాకాలంలో అది తడి వాసన పట్టకుండా చూసుకోవాలి. రోజూ వాడేది ఒక ఏడాదిలో సడలుతుంది. సడలినదాని మీద ఇంకోటి తొడగడం పనికిరాదు, అప్పుడు రెండింటి బిగుతూ ఊపిరి మీదే పడుతుంది. అంచు దగ్గర గుడ్డ అలలు తిరగడం మొదలైందంటే, అమెరికా నుంచి ఎవరి సూట్‌కేసు ఎప్పుడు బయలుదేరుతుందో కనుక్కోవాల్సిన సమయం వచ్చినట్టే.