నిలబడే చోటు

ఫ్రాన్సులోని లియాన్‌లో టూరు గుంపుని ఎక్కడ నిలబెట్టాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఏం చెప్పాలన్నది ఆ తర్వాతి సంగతి. పొద్దున్న తొమ్మిదింటికి సోన్ నది తూర్పు గట్టు మీద, సాంత్ ఆంత్వాన్ సంత దగ్గర నిలబెట్టు. ఎండ నీవాళ్ల వీపు మీద పడుతుంది. ఎదురుగా, అవతలి ఒడ్డున, పాత లియాన్ ఇళ్ల గోడలు గంధం రంగులోనూ ఇటుక రంగులోనూ వెలుగుతుంటాయి. వాటి పైన ఫూర్వియేర్ కొండ, కొండ నెత్తిన తెల్లటి బసిలికా. అదే చోటికి సాయంత్రం తీసుకెళ్లావనుకో, సూర్యుడు కొండ వెనక్కి దిగుతూ కళ్లలో పొడుస్తాడు, ఫొటోల్లో అంతా నల్లగా వస్తుంది.

కొండ మీదికి మాత్రం సాయంత్రమే ఎక్కించు. అక్కణ్ణుంచి చూపు తూర్పుకి పోతుంది: రెండు నదులు, వాటి మధ్య ఊరు, ఆకాశం తేటగా ఉంటే ఆ చివర ఆల్ప్స్, ఇంకా అదృష్టముంటే మోం బ్లాం శిఖరం. మోం బ్లాం స్పష్టంగా కనిపిస్తే వాన దగ్గర్లో ఉన్నట్టే అంటారు ఊరివాళ్లు. ఆ రోజు గొడుగులు బస్సు డిక్కీలో అడుగున పడేయనివ్వకు.

ఇది నాకు నేర్పింది మదామ్. మేమంతా ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్లం. ఈ ఊళ్లోనే క్రువా రూస్ అనే ఇంకో కొండ మీద పుట్టి పెరిగిన గైడ్. ఫ్రాన్సులో మ్యూజియంలలోనూ చారిత్రక కట్టడాల్లోనూ టూరు గుంపుకి వివరించాలంటే కార్డున్న గైడే కావాలి. నేనప్పటికి టూర్ మేనేజర్ని మాత్రమే. పాక్స్ (ప్రయాణికుల) లెక్క, రూమింగ్ లిస్టు, వౌచర్లు, ఎవరి బీపీ మాత్రలు ఎవరి పెట్టెలో ఉండిపోయాయో వెతకడం, ఇదీ నా పని. ఆవిడ ఫ్రెంచిలో చెప్పేది, నేను తెలుగులో అందించేవాణ్ణి. యానాంలో పుట్టినందుకు ఫ్రెంచి చిన్నప్పుడే చెవిన పడింది. మా వీధిలో ఒక మేష్టారు వ్యాకరణం దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. భాష ఆయన పెట్టిన భిక్ష, వృత్తి మదామ్ పెట్టింది. గుంపు ఒక చోటికి చేరాక ఆవిడ వెంటనే నోరు విప్పేది కాదు. వాళ్ల కళ్లు ఊరి మీద తిరిగి, ఎవరో ఒకరు "అదేంటండీ?" అని అడిగేదాకా ఆగేది. అడిగించుకుని చెప్పిన మాట మనసులో నిలుస్తుంది, అడక్కుండా చెప్పింది బస్సెక్కేసరికి పోతుంది.

మన ఏజెన్సీల్లో చాలావాటికి లియాన్ అంటే పారిస్‌కీ స్విట్జర్లాండ్‌కీ మధ్య భోజనాలకి ఆగే ఊరు. నాకు బాధ కలిగించే సంగతి ఇదొక్కటే. క్రీస్తుకి పూర్వం 43లో రోమన్లు కట్టిన ఊరు, పట్టు నేసి యూరప్ రాజుల ఒంటికి చుట్టిన ఊరు. దానికి మూడు గంటలా? ఐటినరరీ రాసే దశలోనే నోరు చేసుకుని రెండు రాత్రులు అడుగు. పారిస్ నుంచి రోడ్డు మీద నాలుగొందల అరవై కిలోమీటర్ల పైమాటే. డ్రైవరు నాలుగున్నర గంటలు తోలాక నలభై అయిదు నిమిషాలు ఆగి తీరాలి, అది చట్టం, బండిలో మీటరు అన్నీ రాసుకుంటుంది. టాయిలెట్ల హాల్టులు కూడా కలిపితే రోజు పోయినట్టే. అదే టీజీవీలో రెండు గంటలు. ఫ్రాన్సులో ఈ రైలు మొట్టమొదట 1981లో పరిగెత్తింది ఈ రెండు ఊళ్ల మధ్యనే. పెట్టెలు బస్సులో పంపు, మనుషుల్ని రైల్లో తీసుకురా. పెద్దవాళ్ల కాళ్లు వాయవు, మధ్యాహ్నమంతా మిగులుతుంది.

వచ్చాక ముందు నదుల్ని పరిచయం చెయ్యి. రోన్ స్విస్ హిమానీనదంలో పుట్టి విసురుగా వస్తుంది. సోన్ ఉత్తరాన వోజ్ కొండల వైపు నుంచి తీరిగ్గా వస్తుంది. అది ఎటు పారుతోందో చూసి చెప్పలేమని జూలియస్ సీజర్ అంతటివాడు రాసుకున్నాడు. నేను వంతెన మీద ఆపి, ఎటు పారుతోందో చెప్పమంటాను. హైదరాబాదు వాళ్లు తర్జనభర్జన పడతారు. గోదావరి జిల్లాల వాళ్లు వంతెన స్తంభం దగ్గర నీళ్లు చీలే తీరు చూసి టక్కున చెప్పేస్తారు. ఆ పది నిమిషాల్లో గుంపు గుంపంతా ఒక కుటుంబం అవుతుంది.

ఇక ఎత్తుల సంగతి. ఎక్కడం యంత్రానికి వదిలెయ్యి, దిగడం కాళ్లకి ఇవ్వు. ఫూర్వియేర్‌కి పాత లియాన్ మెట్రో స్టేషన్ నుంచే ఫునిక్యులర్ ఉంది, తాడు లాగే చిన్న రైలు. ఊరివాళ్లు దాన్ని ముద్దుగా "ఫిసెల్" అంటారు. క్రువా రూస్‌కి పళ్ల పట్టాల మీద ఎక్కే మెట్రో ఉంది. రెండింటికీ మామూలు సిటీ టికెట్టే చాలు. ఫూర్వియేర్ మీద రోమన్ నాటకశాల పక్కనున్న మ్యూజియంకీ ఇదే సూత్రం: 1975లో బెర్నార్ జెర్‌ఫ్యూస్ అనే ఆర్కిటెక్టు దాన్ని కొండలోకి దూర్చి కట్టాడు. పైనుంచి లోపలికి వెళ్తే వాలుదారి చుట్టూ తిరుగుతూ కిందికి దించుతుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు సైతం హాయిగా నడిచేస్తారు.

అక్కడ వస్తువులన్నీ చూపించకు. కంచు ఫలకం దగ్గరికి తిన్నగా నడిపించు. క్లాడియస్ చక్రవర్తి క్రీస్తుపూర్వం 10లో ఈ ఊళ్లో పుట్టాడు. ఈ ఊరున్న గాల్ దేశపు పెద్దలకి రోమ్ సెనేట్‌లో చోటివ్వాలని క్రీస్తుశకం 48లో వాదించాడు. ఆ ప్రసంగం కంచులో చెక్కించి ఇక్కడ పెట్టారు. 1528లో ఒక వర్తకుడి ద్రాక్షతోటలో బయటపడింది. ఇక్కడ పుట్టినవాడు రాజధానికెళ్లి తన ప్రాంతం వాళ్లకి పీట వెయ్యమని అడిగాడని చెప్పు. ఇంకేం అక్కర్లేదు, మనవాళ్లే మిగతాది మాట్లాడుకుంటారు.

బసిలికా దగ్గర ఎక్కువసేపు పట్టదు. నాలుగు మూలలా నాలుగు బురుజులు చూసి ఊరివాళ్లు దాన్ని వెల్లకిలా పడుకున్న ఏనుగు అంటారని చెప్తే పిల్లలు మరిచిపోరు.

పాత లియాన్‌లో నీ నైపుణ్యానికి అసలు పరీక్ష త్రబూళ్ల దగ్గర. ఒక వీధిలో తలుపు తోసి లోపలికెళ్తే ఇళ్ల కింద నుంచి, ముంగిళ్ల మీదుగా, మెలికల మెట్ల పక్కగా నడిచి ఇంకో వీధిలో తేలే దారులివి. సాన్ జాన్ వీధి 54 నంబరు తలుపులో దూరితే బఫ్ వీధి 27లో తేలతాం. పాత లియాన్‌లో అన్నిటికన్నా పొడుగైనది అదే. గుర్తుంచుకో, ఇవి మ్యూజియంలు కావు. పైన జనం కాపురాలు చేస్తున్నారు. నగరపాలక సంస్థతో ఒప్పందం మీద పగటిపూట మనల్ని రానిస్తున్నారు, అంతే. కాబట్టి కథంతా బయట వీధిలోనే చెప్పెయ్యి. లోపల వేలితో చూపించడమే. నలభై మంది ఉంటే రెండు దఫాలుగా పంపు, ముందు నువ్వు, వెనక తలుపు దగ్గర నీ సహాయకుడు.

మా దగ్గర చేరిన కుర్రాడొకడు సాయంత్రం పొద్దుపోయాక ముప్పై మందిని ముంగిట్లో నిలబెట్టి గట్టిగా మొదలుపెట్టాడు. మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుంది. పసిబిడ్డని ఎత్తుకున్న తల్లి ఒక్క మాట కూడా అనకుండా అందరినీ చూసింది. మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి ఆవిడకి క్షమాపణ చెప్పాం. ఇప్పుడు మా బృందంలో అందరికన్నా మెల్లగా మాట్లాడేది వాడే.

ఈ దారులే రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల మీద పోరాడినవాళ్లకి పనికొచ్చాయి. వాళ్ల నాయకుడు జాన్ మూలాన్ 1943 జూన్ 21న పట్టుబడింది ఈ ఊరి అంచున ఉన్న కాలువీర్‌లోనే. ఆ తర్వాత మరో ప్రమాదం కూడా తప్పింది: పాత లియాన్ మధ్యలోంచి పెద్ద రోడ్డు వెయ్యాలని నగర పెద్దలే అనుకున్నారు. అక్కడివాళ్లు ఎదురు తిరిగారు. 1964లో చట్టం కింద రక్షణ పొందిన పేటల్లో ఫ్రాన్సు మొత్తానికి ఇది మొదటిది. 1998లో యునెస్కో జాబితాకెక్కింది. మనం నడిచే ప్రతి మెట్టూ ఎవరో పోట్లాడి నిలబెట్టినదే.

నాకు గైడ్‌గా మొదటి గెలుపు దొరికింది క్రువా రూస్‌లో. అక్కడ కట్టడాలు చూడు, ఒక్కో అంతస్తు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు, పొడుగాటి కిటికీలు. ఇక్కడి పట్టు నేతగాళ్లని కనూలంటారు. జకార్డ్ ఈ ఊరివాడే. 1804లో అతను తెచ్చిన మగ్గం మీద అట్టల యంత్రం నిలబడాలంటే అంత ఎత్తు కావాలి. నేను ఇదంతా కంఠతా పట్టుకుని వెళ్లాను. నేతపని చూపించే చోట మగ్గం ఆడిస్తున్నారు. గుంపులో ధర్మవరం నుంచి వచ్చిన పెద్దాయనొకరు అప్పటిదాకా ఊరంతా మౌనంగా నడిచారు. మగ్గం చప్పుడు వినగానే ముందుకొచ్చారు. తల పైకెత్తి అట్టల వరస చూశారు, ఏ బెజ్జానికి ఏ పోగు లేస్తుందో వేలితో చూపించారు, నాడె చేతిలోకి తీసుకోవచ్చా అని నన్ను అడగమన్నారు. తీసుకున్నాక కప్పు వైపు చూసి, "మేం మగ్గానికి గుంత తవ్వుకుంటిమి నాయనా, వీళ్లు మిద్దె లేపుకున్యారు" అన్నారు.

నేను చెప్పాలనుకున్న పాఠమంతా పక్కన పెట్టేశాను. మగ్గం ఆడిస్తున్న ఆవిడకీ ఆయనకీ మధ్య దుభాషీగా నిలబడ్డాను. పడుగు ఎన్ని పోగులు, అంచు ఎలా కట్టాలి, తెగితే ముడి ఎలా వెయ్యాలి, ఇలా సాగింది. గుంపంతా చుట్టూ చేరి వింటున్నారు. 1831 సంగతి అప్పుడు ఎత్తాను. సరుకిచ్చి నేయించుకునే షావుకార్లు కూలి తగ్గిస్తుంటే కనూలు కనీస రేటు అడిగారు. ప్రభుత్వం తరఫు అధికారి ప్రిఫెక్ట్ సమక్షంలో ఒప్పందమైంది, చాలామంది షావుకార్లు మాట తప్పారు. నవంబరులో నేతగాళ్లు కొండ దిగి ఊరిని చేతుల్లోకి తీసుకున్నారు. "కడాకు కూలి పెరిగెనా?" అని అడిగారు పెద్దాయన. లేదన్నాను. సైన్యం వచ్చింది, రేటు రద్దు చేశారు, 1834లో మళ్లీ తిరగబడితే రక్తం పారింది. ఆయన తలూపారు. ఆ సాయంత్రం మదామ్ నా భుజం తట్టి, ఇక నువ్వు కార్డుకి చదువుకోవచ్చంది. చదివాను, తెచ్చుకున్నాను. నీ గుంపులో ఎవరి చేతికి ఏ పని వచ్చో రూమింగ్ లిస్టుతో పాటే తెలుసుకుని పెట్టుకో.

తిండి దగ్గర గడియారం పెద్ద తగువు. ఇక్కడ వంటగది పన్నెండింటికి తెరిచి రెండింటికి మూసేస్తారు, మనవాళ్లకి ఆకలేసేది రెండింటికి. అందుకని పదకొండున్నరకే నడక పెంచి ఆకలి పుట్టిస్తాను. బుషోన్ అనే ఇక్కడి చిన్న హోటళ్లలో మాంసానిదే రాజ్యం. శాకాహారులకి ముందురోజే ఫోన్ చేసి చెప్పు. లియాన్ సలాడ్ పేరు విని మోసపోకు, అందులో పంది ముక్కలుంటాయి. సెర్వెల్ ద కనూ అని ఒకటుంది. పేరుకి నేతగాడి మెదడే గానీ అందులో ఉండేది మెత్తటి జున్ను, వెల్లుల్లి, చిన్నుల్లి, ఆకులు. మన పెరుగు పచ్చడికి దగ్గరగా ఉంటుంది, బ్రెడ్డు మీద రాసుకుని తింటే అత్తగార్లు సైతం మారు అడుగుతారు. చివర్లో గులాబిరంగు ప్రాలిన్ టార్ట్ పెట్టించు, తగువులన్నీ తీరిపోతాయి.

రెండు నదులు కలిసే మొన దగ్గరికి ట్రాములో వెళ్లు. 2014లో తెరిచిన మ్యూజియం వెనక నుంచి దారి ఉంది. నీలిపచ్చ నీళ్లు ఒక పక్క, మట్టిరంగు నీళ్లు ఒక పక్క, కొంత దూరం కలవకుండానే పోతుంటాయి. సంగమం అనగానే మనవాళ్లు నీళ్లు నెత్తిన జల్లుకోవాలంటారు. కాదనకు, అది వాళ్ల హక్కు. కానీ రోన్ వడి ఎలాంటిదో తెలిసినవాడిగా చెప్తున్నాను, ఎవర్నీ అంచుకి పోనివ్వకు. నా సంచిలో చిన్న చెంబు ఎప్పుడూ ఉంటుంది. నీళ్లు అందేచోట నేనొక్కణ్ణే దిగి ముంచి తెస్తాను, అందరూ వరసగా చెయ్యి చాపుతారు.

చివరి పూట లూమియేర్ అన్నదమ్ముల ఇంటికి కేటాయించు. మెట్రో అక్కడే దింపుతుంది. ఆ వీధి పేరే "మొదటి సినిమా వీధి". 1895లో తమ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి రావడాన్ని ఆ అన్నదమ్ములు నిమిషం కూడా లేని ఫిల్ముగా తీశారు. మరుసటేడు జులై 7న వాళ్ల సినిమాలు బొంబాయిలో వాట్సన్ హోటల్లో ఆడాయి, మన దేశంలో బొమ్మ కదలడం అదే మొదలు. ఆ షెడ్డు కప్పు ఇంకా ఉంది, దాని కింద ఇప్పుడు సినిమా హాలుంది. ఇక్కడ మనవాళ్లకి గైడ్ అక్కర్లేదు. పిల్లలూ పెద్దలూ షెడ్డు ముందు వరస కట్టి, పనివాళ్లలా నడిచొచ్చి వీడియో తీయించుకుంటారు. ఒక టేకుతో తృప్తి పడరు, అమ్మమ్మ కెమెరా వైపు చూసిందని రెండోది, తమ్ముడు నవ్వాడని మూడోది. రైలు టైముకి వెనక్కి లెక్క కట్టేటప్పుడు ఆ అరగంట కూడా కలుపుకో.