కడుపు నిండిన ఇట్రియం

శాంటా క్లారాలో మిషన్ కాలేజీ బౌలవార్డ్ మీద ఇంటెల్ ప్రధాన కార్యాలయం ఉంది. రాబర్ట్ నాయిస్ పేరు పెట్టిన ఆ నీలం భవనంలోనే సంస్థ మ్యూజియం. టికెట్ లేదు. 1971 నాటి 4004 చిప్పు దగ్గర జనం ఫొటోలు దిగుతున్నారు. మా మేనల్లుడు మాత్రం నన్ను నేరుగా సిలికాన్ వేఫర్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అతను ఈ ఊళ్లోనే చిప్పులు చేసే యంత్రాల తయారీలో పనిచేస్తాడు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి.

"మావయ్యా, వీటి మీద గీతలు చెక్కేది ఫ్లోరిన్" అన్నాడు.

గాలి తీసేసిన ఛాంబర్‌లోకి కార్బన్ టెట్రాఫ్లోరైడ్ లాంటి వాయువును వదిలి, రేడియో తరంగాలతో ప్లాస్మాగా మారుస్తారు. అందులోంచి విడివడిన ఫ్లోరిన్ సిలికాన్‌తో కలిసి సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అవుతుంది. అది మామూలు వేడిలో వాయువే కాబట్టి పంపు లాగేస్తుంది. అక్కడ గీత మిగులుతుంది.

"మరి ఛాంబర్ గోడల్ని ఎందుకు వదులుతుంది?"

"వదలదు. క్వార్ట్జ్‌ని తినేస్తుంది. అల్యూమినియం గోడ మీద ఏర్పడిన ఫ్లోరైడ్ పొడిగా రాలుతుంది. ఒక్క రేణువు వేఫర్ మీద పడితే అక్కడి చిప్పు పోయినట్టే. అందుకే లోపల ఇట్రియం ఆక్సైడ్ పూత వేస్తాం."

నాకు ఆశ్చర్యమేసింది. 39వ మూలకమైన ఇట్రియం నెమ్మదస్తురాలేం కాదు. ముద్దగా ఉంటే పైన ఆక్సైడ్ పొర కట్టి ఊరుకుంటుంది గానీ, సన్నటి రజనుగా చేసి 400 డిగ్రీలు దాటిస్తే గాలిలో అంటుకుంటుంది. నీటి నుంచి హైడ్రోజన్‌ను వెళ్లగొడుతుంది. అయితే దాని రక్షణ శక్తి ఆ ఆత్రంలోనే ఉంది. ఒక మోల్ ఇట్రియం ఆక్సైడ్ ఏర్పడేటప్పుడు సుమారు 1,905 కిలోజౌళ్లు వెలువడతాయి. అల్యూమినియం ఆక్సైడ్‌కైతే 1,676. అంత బిగువుగా పట్టుకున్న ఆక్సిజన్‌ను విడిపించడం కష్టం. పైపొరలో కొంత ఫ్లోరిన్ చేరినా, ఏర్పడే ఇట్రియం ఫ్లోరైడ్ ఎగిరిపోదు. 1,100 డిగ్రీలు దాటితే గానీ కరగను కూడా కరగదు. కడుపు నిండినవాడికి గారెలు చేదు!

తిరుగు దారిలో బోవర్స్ ఎవెన్యూ మీద అప్లైడ్ మెటీరియల్స్ ప్రధాన కార్యాలయం కనిపించింది. ఇట్రియం ఆక్సైడ్ పూతల మీద ఆ సంస్థకు పేటెంట్లున్నాయి. "ఈ ఇట్రియం మన భీమిలి ఇసుకలో దొరకదా?" అన్నాను. అక్కడి ఇసుకలో దొరికే ఖనిజమైన మోనజైట్‌లో ఎక్కువగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం; ఇట్రియం స్వల్పం. ఖనిజం దొరికినా వేరుచేయడమే పెద్ద పని. ఇట్రియం అయాను పరిమాణంలో హోల్మియం, డిస్ప్రోసియం అయాన్లకు దాదాపు సమానం, ఆవేశమూ అదే మూడు. ఆ కొద్దిపాటి తేడాను పట్టుకుని ద్రావకాలతో అంచెలంచెలుగా విడదీయాలి. ఆ పనిలో చైనాదే పైచేయి.

పూత ఎంత గట్టిదైనా అయాన్ల తాకిడికి అరుగుతుంది. పాతది గీకి కొత్తది వేయాల్సిందే. అందుకే 2025 ఏప్రిల్‌లో చైనా ఇట్రియం సహా ఏడు అరుదైన మృత్తికా లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసినప్పుడు, ఆ వార్త మేనల్లుడి ఆఫీసు దాకా వచ్చింది.

"అప్పటిదాకా మా కొనుగోళ్ల విభాగం వాళ్లకి ధరలే తెలుసు మావయ్యా. ఇప్పుడు పీరియాడిక్ టేబుల్ కూడా నోటికొచ్చేసింది!"