ఆమ్‌స్టర్‌డామ్ ప్రయాణం, పులికాట్ మీదుగా

గూడూరు వాళ్లకి కాలువలు కొత్త కాదు. కోట, వాకాడు వైపు పోతే బకింగ్‌హామ్ కాలువ కనపడుతుంది. ఒకప్పుడు మద్రాసుకి కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో పోయిన దారి అది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. అందుకే నెదర్లాండ్స్‌లో ఉంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, వచ్చే ఏప్రిల్‌లో మీరిద్దరూ రండి, ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు చూద్దురు" అంటే, "కాలువలు చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా?" అన్నాను. వాళ్లమ్మ ఫోను లాక్కుని "వస్తాంలేమ్మా" అనేసింది. ఈ ఏడాది నిమ్మతోట మీద వచ్చిన నాలుగు డబ్బులూ విమానం పాలని అప్పుడే అర్థమైంది.

ఏప్రిలే ఎందుకంటే, తులిప్ పూలు. ఊరికి దగ్గర్లో లిస్సే అనే చోట క్యూకెన్‌హాఫ్ తోట ఉంది. మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా, ఏడాదికి ఓ ఎనిమిది వారాలే తెరుస్తారు. ఏప్రిల్ 27న వాళ్ల రాజుగారి పుట్టినరోజు. ఆ రోజు ఊరంతా నారింజరంగు బట్టలు వేసుకుని కాలువల్లో పడవలెక్కి ఊరేగుతారట. జనం తొక్కిసలాట అంటే భయం ఉన్నవాళ్లు ఆ తేదీకి అటూ ఇటూ చూసుకోవడం మేలు. హోటల్లో దిగేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గది అద్దె మీద పన్నెండున్నర శాతం పర్యాటక పన్ను వేస్తారు. మాకు అమ్మాయి ఇల్లుంది కాబట్టి ఆ బాధ లేదు.

వీసాకి చెన్నై పోవాలి. మనకి అదెంత దూరం, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని రావచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పిల్లల దగ్గర ఉండబోయేవాళ్లకి పిల్లలే ఒక హామీ పత్రం పంపాలి. దాని మీద వాళ్ల సంతకాన్ని అక్కడి మునిసిపాలిటీ ధ్రువీకరించాలి. ఆఖరి నిమిషం దాకా ఆగితే ఆ కాగితం దగ్గరే పని ఆగిపోతుంది.

ఇక మా ఇంట్లో అసలు గొడవ సామాన్ల దగ్గర. గూడూరు నిమ్మకాయలు ఓ పాతిక పట్టుకుపోదామని మా ఆవిడ. ధ్రువపత్రం లేకుండా తాజా పండ్లు యూరప్‌లోకి రానివ్వరు. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, డ్యూరియన్, ఈ ఐదింటికే మినహాయింపు. పాల పదార్థాలూ కుదరవు కాబట్టి నెయ్యి డబ్బా ఇంటి దగ్గరే. "నిమ్మకాయ వద్దంట, కొబ్బరికాయ పరవాలేదంట, ఇదేం న్యాయమయ్యా!" అంది. ఊరగాయ పెట్టుకుపోతే సరిపోతుందని సర్దిచెప్పాను.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడి మెట్ల గురించి ముందే తెలుసుకోవాలి. కాలువ గట్టు మీది పాత ఇళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. లోపలి మెట్లు నిచ్చెనలే. మంచాలూ బీరువాలూ ఆ మెట్ల మీద ఎక్కవు కాబట్టి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికి కొక్కెం పెట్టి, తాడుతో కిటికీలోంచి లాగుతారు. నేల మెత్తన. అందుకని కొయ్య దుంగలు దించి వాటి మీద కట్టారు. డామ్ కూడలిలోని రాజభవనం ఒక్కటే 13,659 దుంగల మీద నిలబడిందని చెబుతారు.

ఆ ఇళ్ల కథ చదువుతుంటే ఒక సంవత్సరం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. 1613. ఆమ్‌స్టర్‌డామ్ చుట్టూ హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే మూడు పెద్ద కాలువల తవ్వకం మొదలైన ఏడు అది. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినవి ఇవే. సరిగ్గా అదే ఏడు, మన సూళ్లూరుపేట, తడ దాటితే వచ్చే పులికాట్‌లో డచ్చివాళ్లు గెల్డ్రియా కోటలో కుదురుకున్నారు. కోరమాండల్ తీరానికంతా చాలాకాలం అదే వాళ్ల ముఖ్యస్థానం.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. దాని మూలధనంలో సగానికి పైగా ఆమ్‌స్టర్‌డామ్‌దే. జాజికాయ, లవంగం కోసం ఇండోనేషియా దీవులకి పోతే అక్కడివాళ్లు అడిగింది మన తీరపు గుడ్డలు. అంటే మన నేతగాళ్ల పంచెలూ అద్దకం బట్టలూ ఇచ్చి సుగంధ ద్రవ్యాలు కొనుక్కున్నారన్నమాట. తర్వాత ఆ అద్దకం బట్టలు యూరప్‌కీ పోయాయి. రైక్స్ మ్యూజియం సేకరణలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి.

గుడ్డలతో ఆగలేదు. కరువొచ్చినప్పుడు కడుపు నిండక తమని తాము, పిల్లల్ని అమ్ముకున్నవాళ్లని కొని, పులికాట్ నుంచి ఓడల్లో బటావియాకి బానిసలుగా పంపారు. బటావియా అంటే నేటి జకార్తా. ప్రళయకావేరి ఒడ్డున ఎగిరే కొంగల్ని చూడ్డానికి ఇన్నిసార్లు పోయాను గానీ, ఈ సంగతి మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. 2021 జులై 1న ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ ఫెమ్‌కే హల్సెమా, బానిసత్వంలో తమ నగర పాలకుల పాత్రకి క్షమాపణ చెప్పారు.

"అయితే ఇంక పోవద్దంటావా?" అని అడిగింది మా ఆవిడ. నాకూ కాసేపు మనసు మళ్లలేదు. నిమ్మకాయల డబ్బులు పెట్టి మరీ పోయి, మన కడుపు కొట్టి కట్టిన మేడల్ని చూసి మురిసిపోవాలా అనిపించింది. మేడలన్నీ మన డబ్బే అనడం కూడా నిజం కాదనుకోండి. బాల్టిక్ సముద్రం ధాన్యంతో, కలపతో చేసిన వ్యాపారం వాళ్లకి అంతకుముందు నుంచే ఉంది. అమ్మాయిని అడిగితే, "మనవాళ్ల వాటా ఉందని తెలిసినవాళ్లే వచ్చి చూడాలి కదా నాన్నా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

పట్టికలో రెండు మార్పులు చేశాను. ఔడే హోగ్‌స్ట్రాట్ అనే వీధిలో ఆ కంపెనీ పాత కచేరీ ఉంది. ఇప్పుడది విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. పడవ షికారు కన్నా ముందు అక్కడికి. ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలంటే మాత్రం అమ్మాయి ఇప్పుడే తేదీ రాసిపెట్టుకోవాలి. టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ఆరు వారాల ముందు, మంగళవారాలే వదులుతారు.

రెండోది, అంతకంటే ముందు ఒక ఆదివారం పులికాట్. జాతీయ రహదారి మీద తడ దాటి, పొన్నేరి మీదుగా పోవాలి. కోట ఇప్పుడు ముళ్లచెట్ల కింద దిబ్బ. డచ్చి శ్మశానం మాత్రం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. వాకిలి దగ్గర అస్థిపంజరాలు చెక్కిన రాళ్లు, లోపల ఓడలు, కోటలు చెక్కిన సమాధులు. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే చూసేయొచ్చు. మా ఆవిడ అప్పుడే పులిహోర కలుపుతానంది. నిమ్మకాయదే.