చక్రాల మీది గుడారం, పడకల మర్యాద

దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 80వ ఆయత్‌లో అల్లాహ్ మానవులకు చేసిన రెండు మేళ్ళు ఒకేచోట ప్రస్తావనకు వస్తాయి. మొదటిది, మన ఇళ్ళను మనకు విశ్రాంతి స్థలాలుగా చేయడం. రెండవది, పశువుల చర్మాలతో గుడారాలు వేసుకునే వసతి కల్పించడం. ప్రయాణం చేసే రోజునా, మజిలీ చేసే రోజునా ఆ గుడారాలు తేలికగా ఉంటాయని ఆ ఆయత్ గుర్తుచేస్తుంది. ఒకప్పుడు ఎడారిలో ఒంటె వీపున సాగిన ఆ తేలికైన ఇల్లు నేడు అమెరికా రహదారులపై కారు వెనుక చక్రాల మీద సాగుతోంది. దానిని ఇక్కడివారు ట్రావెల్ ట్రైలర్ అంటారు.

మేము టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ శివారులో నివసిస్తున్నాము. మొన్నటి శీతకాలంలో పిల్లల దాదీ కర్నూలు నుండి వచ్చి కొన్ని నెలలు మాతో గడిపారు. ఏప్రిల్‌లో ఆమె తిరుగు ప్రయాణం. ఆలోగా, మార్చి నెల సెలవుల్లో ఐదుగురం కలిసి ఒక యాత్ర చేయాలని సంకల్పించాము. హోటల్ అయితే రెండు గదులు కావాలి. కుటుంబం రెండు తలుపుల వెనుకకు చీలిపోతుంది. దారి పొడవునా హలాల్ భోజనం దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. చిన్న ట్రైలర్ ఒకటి ఉంటే వంట, నమాజ్, నిద్ర అన్నీ ఒకే కప్పు కింద జరుగుతాయి. ముందుగా మూడు రాత్రులకు అద్దెకు తీసుకుని చూద్దామనీ, కుదిరితే తరువాత కొందామనీ నిశ్చయించాము.

అయితే ఇంట్లో రెండు అభ్యంతరాలు తలెత్తాయి. పన్నెండేళ్ళ అమ్మాయి, తమ్ముడి పక్కన పడుకోవలసి వస్తే తాను రానని స్పష్టంగా చెప్పింది. దాదీ మరికాస్త మృదువుగా, "నా మోకాళ్ళతో నిచ్చెనలు ఎక్కలేను బేటా, నన్ను ఇక్కడే వదిలి మీరు హాయిగా వెళ్ళిరండి" అన్నారు. వారిద్దరిలో ఎవరు రాకపోయినా ఆ యాత్రకు అర్థం లేదు. కనుక మా వెతుకులాటలో బండి అందం వెనుకబడి, పడకల అమరిక ముందుకు వచ్చింది.

చిన్న ట్రైలర్లలో ప్రధానంగా నాలుగు రకాలు చూశాము. అన్నింటికన్నా చిన్నది కన్నీటి చుక్క ఆకారంలో ఉంటుంది. లోపల ఒక్క పరుపే. వంటగది బండి వెనుక తలుపు ఎత్తితే బయటికి కనబడుతుంది. కొత్త దంపతులకు అది చాలు. రెండవది మడత ట్రైలర్. రోడ్డుపై పెట్టెలా వెళ్ళి, మజిలీలో పైకప్పు లేపి, రెండు చివరలా పడకలు బయటికి లాగితే మందపాటి గుడ్డ గోడల గుడారంగా మారుతుంది. రెండు పడకలూ రెండు కొసల్లో ఉండటం మంచి ఏర్పాటే. కాని వాటి ఎత్తు దాదీ నడుము దాటింది. గుడ్డ గోడలు మార్చి నెల చలిగాలిని ఆపవు.

మూడవది ఫైబర్‌గ్లాసుతో కోడిగుడ్డు రూపంలో పోతపోసినది. దీని చరిత్ర ఆసక్తికరమైనది. 1968లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో రే ఒలెకో అనే ఆయన, అంతకుముందు ఫైబర్‌గ్లాసుతో సెప్టిక్ ట్యాంకు తయారుచేసిన అనుభవంతో, బోలర్ అనే 13 అడుగుల ట్రైలర్‌ను రూపొందించారు. మిన్నెసోటాలో తయారయ్యే స్కాంప్ ఆ వంశానిదే. స్కాంప్ 13 అడుగుల బండిలో వెనుక భోజనపు బల్ల రాత్రికి పడకగా మారుతుంది. ముందున్న సోఫా రెండు అంతస్తుల పడకగా లేస్తుంది. పొందికకు మెచ్చుకోవలసిందే. అయినా నలుగురు ఒకే గదిలో, ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత దగ్గరగా ఉంటారు. ఐదవ మనిషికి చోటు లేదు.

నాలుగవది అంతస్తు పడకల ట్రైలర్. ముందు భాగంలో పెద్ద మంచం, మధ్యలో భోజనపు బల్ల, వెనుక గోడకు రైలు బెర్తుల్లా రెండు పడకలు, వాటి పక్కన స్నానాల గది ఉంటాయి. మా దృష్టి దీనిపైనే నిలిచింది.

అమ్మకందారులు ఇలాంటి బండిని చూపుతూ ఆరుగురు పడుకోవచ్చని చెబుతారు. పెద్ద మంచంపై ఇద్దరు, బెర్తుల్లో ఇద్దరు, బల్ల పడకపై ఇద్దరు అన్నది వారి లెక్క. టేపు పెట్టి కొలిస్తే సంగతి తెలుస్తుంది. అమెరికా ఇళ్ళలోని క్వీన్ మంచం 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉంటుంది. ట్రైలర్‌లో ఆ పేరే పెట్టుకున్న మంచం చాలాసార్లు 74 అంగుళాలకే ఆగుతుంది. మేము చూసిన బెర్తు వెడల్పు 28 అంగుళాలే. బల్ల పడకపై ఇద్దరు పెద్దలు పడుకుంటే ఒకరు కదిలిన ప్రతిసారీ రెండవవారు మేలుకోవాలి. పై బెర్తు ఎంత బరువు మోస్తుందో దాని అంచున రాసి ఉంటుంది. ఆ సంఖ్య చదవకుండా పెద్దవాళ్ళు ఎక్కరాదు.

అంగుళాల లెక్క తేలినా, ఎవరి పక్కన ఎవరు అన్న ప్రశ్న మిగులుతుంది. ఆ సంఖ్య దానికి జవాబు చెప్పదు. పిల్లలకు ఏడేళ్ళు వచ్చినప్పుడు నమాజ్‌కు ఆదేశించమనీ, పదేళ్ళు వచ్చేసరికి వారి పడకలు వేరుచేయమనీ దైవప్రవక్త (స) బోధించారు. మా బాబు పదో ఏట అడుగుపెట్టాడు. నూర్ సూరా 58వ ఆయత్ మరో మర్యాద నేర్పుతుంది. ఫజ్ర్ నమాజ్‌కు ముందు, మధ్యాహ్నం దుస్తులు సడలించుకునే వేళ, ఇషా నమాజ్ తరువాత, ఈ మూడు సమయాల్లో యుక్తవయసు రాని పిల్లలు కూడా అనుమతి అడిగే పెద్దల వద్దకు రావాలి. తలుపులున్న ఇంట్లో ఇది సులభం. ఇరవై అడుగుల ట్రైలర్‌లో తలుపు స్నానాల గదికి మాత్రమే ఉంటుంది. స్థలం ఇరుకైనంత మాత్రాన ఈ మర్యాద సడలదు. అమ్మాయి అడిగినదీ ఇదే. ఆమెది మొండితనం కాదు, మనం నేర్పిన హయానే ఆమె మనకు తిరిగి చెప్పింది.

అందుకని అమరిక ఇలా ఏర్పరచాము. ముందు భాగంలోని పెద్ద మంచం దాదీకి, మనుమరాలికి ఇచ్చాము. ఆ మంచం బండికి అడ్డంగా, మూడు వైపులా గోడలను ఆనుకుని ఉంది. లోపలి వైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే బయటివారిని దాటాలి. కనుక దాదీ నడవ వైపు, అమ్మాయి గోడ వైపు. మంచం దాదీ మోకాలికి కాస్త పైన ఉంది. ఒక చిన్న పీట వేస్తే ఎక్కడం తేలికైంది. మంచం ముందు, మేకులు అవసరం లేకుండా రెండు గోడల మధ్య నొక్కుకుని నిలిచే కడ్డీ బిగించి మందపాటి తెర వేలాడదీశాము. బండితో వచ్చిన పలుచని తెర వెలుగులో నీడలను దాచదు. తెర బయట నిలబడి సలామ్ చెప్పి, జవాబు వచ్చాకే లోపలికి రావాలన్నది మా నియమం.

వెనుక బెర్తుల్లో పైది బాబుకు, కిందది తండ్రికి. గోడ లేని మిద్దెపై నిద్రించడాన్ని దైవప్రవక్త (స) వారించారన్నది హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ జాగ్రత్త పై బెర్తుకూ వర్తిస్తుంది. కనుక పరుపు మందానికి పైన కూడా అడ్డుపట్టీ మిగిలి ఉందో లేదో చేతితో పట్టి చూశాము. మధ్యనున్న బల్ల పడక తల్లికి దక్కింది. అక్కడినుండి దాదీ పిలుపూ, బాబు కలవరింతా రెండూ వినబడతాయి. ఆ పడకను తెల్లవారే మడిచి మళ్ళీ బల్లగా మార్చాలి కనుక, దానిపై పడుకున్నవారు ఫజ్ర్‌కు అందరికన్నా ముందు లేస్తారు.

బండిని ఎంచుకునేటప్పుడు జానమాజ్‌ను కూడా వెంట తీసుకువెళ్ళాము. బల్లకూ వంట అరకూ మధ్య నేలపై దానిని పూర్తిగా పరచగలిగితేనే ఆ బండి మాకు పనికివస్తుంది. స్నానాల గదిలో చేతితో పట్టుకునే షవరు ఉంటే తహారత్‌కు ఇబ్బంది ఉండదు.

ఇక బరువు సంగతి. మా కారు 5,000 పౌండ్ల వరకు లాగగలదు. ట్రైలర్ నిండు బరువు 4,000 పౌండ్ల లోపు ఉండేలా చూసుకున్నాము. ఆ బరువులో 10 నుండి 15 శాతం కారు కొక్కెంపై పడాలి. తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది. కొక్కెంపై పడే భారం కారు మోసే మనుషులు, సామాను లెక్కలోనే చేరుతుందని చాలామంది మరచిపోతారు. గ్యాలన్ నీరు ఎనిమిది పౌండ్ల పైచిలుకు తూగుతుంది. మజిలీలో కుళాయి ఉందని తెలిసి ట్యాంకు నింపకుండా, దారిలో వుజూకు సరిపడా నాలుగు గ్యాలన్లే ఉంచాము. దైవప్రవక్త (స) ఒక్క ముద్ నీటితో, అంటే మన కొలతలో ముప్పావు లీటరుకు అటూ ఇటూగా, వుజూ చేసేవారు. కుళాయి తిప్పడానికి అలవాటుపడిన పిల్లలకు ఆ సున్నత్ ఎంత విలువైనదో దారిలో తెలిసింది.

మా గమ్యం టెక్సాస్ ఉత్తర భాగంలోని పాలో డ్యూరో లోయ. డల్లాస్ నుండి సుమారు 370 మైళ్ళు. విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ పట్టణాల మీదుగా సాగే 287వ నంబరు రహదారికి ఇరువైపులా ఎర్ర నేలలు, పత్తి చేలు. ఆ ప్రాంతపు గాలి బలమైనది కనుక వేగం 60 మైళ్ళు దాటనివ్వలేదు. నమాజ్ వేళకు విశ్రాంతి స్థలంలో ఆగి జుహర్, అసర్ నమాజ్‌లు ఎవరి సమయంలో వాటిని ఖస్ర్‌గా రెండేసి రకాతులు చదివాము. ఇక్కడ ట్రైలర్ విలువ మాకు స్పష్టమైంది. దాదీ, అమ్మాయి, తల్లి ఒకరి తరువాత ఒకరు లోపల తలుపు వేసుకుని నిశ్చింతగా నమాజ్ చేసుకున్నారు. బండి కదిలేటప్పుడు మాత్రం అందరూ కారులోకి రావలసిందే. సాగుతున్న ట్రైలర్‌లో మనిషి ఉండటం ప్రమాదకరం.

పాలో డ్యూరో సుమారు 120 మైళ్ళ పొడవు, 800 అడుగుల లోతుగల లోయ. మైదానంలో సాగుతున్న రోడ్డు ఒక్కసారిగా అంచుకు చేరి కిందికి దిగుతుంది. 1934లో ఉద్యానవనంగా తెరచుకున్న ఈ లోయలోకి ఆ దారిని నాటి ప్రభుత్వ ఉపాధి పథకంలోని యువకులు వేశారు. ఎర్రమట్టి పొరల మధ్య తెల్లని జిప్సం చారలు. అడుగున ఎర్ర నదికి చెందిన చిన్న పాయ. అంచున నిలబడి దాదీ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇది మన గండికోటే" అన్నారు. పెన్నా నది చీల్చిన ఆ లోయనూ, కోటలోని జామియా మసీదునూ ఆమె వయసులో ఉండగా చూశారట. లోయలోని మెస్కీట్ చెట్టును చూసి సర్కారు తుమ్మ అని గుర్తుపట్టారు. నిజమే, అవి రెండూ ఒకే జాతికి చెందినవి.

మజిలీలో బండి నిలిపే చోటు ముందే గీసి ఉంటుంది. మనకు నచ్చిన దిక్కుకు తిప్పుకోలేము. కర్నూలులో కిబ్లా పడమర అయితే, ఇక్కడ భూమి గుండ్రనితనం వల్ల ఈశాన్యం. దిక్సూచి పెట్టి చూస్తే పెద్ద మంచంపై దాదీ కాళ్ళు అటే ఉన్నాయి. కిబ్లా వైపు కాళ్ళు చాపరాదన్నది మన ఇళ్ళలో తరతరాల గౌరవం. దిండ్లు ఈ కొస నుండి ఆ కొసకు మార్చాము. మంచం అడ్డంగా ఉండటం మేలైంది. అప్పటినుండి మజిలీ చేరగానే కిబ్లా చూసి దిండ్లు సర్దడం బాబు బాధ్యత అయింది.

రాత్రి చలి గడ్డకట్టించే స్థాయికి దిగింది. నిద్రకు ముందు మంటలు ఆర్పమన్న ప్రవక్త (స) హితవు ఇక్కడ ప్రాణరక్షణ. వంట పొయ్యి వెలిగించి గది వేడి చేసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాకూడదు. మూసిన చిన్న గదిలో విషవాయువుకు వాసన ఉండదు. గ్యాసు, విషవాయువు హెచ్చరిక పెట్టెలు పనిచేస్తున్నాయో లేదో నొక్కి చూసి, విద్యుత్ హీటరుతో, రజాయిలతో నిద్రించాము. తెర వెనుక దాదీ మనుమరాలికి కర్నూలు బాల్యం కథలు చెబుతూంటే ఆ గొంతు నెమ్మదిగా సన్నగిల్లడం విన్నాము. మరుసటి ఉదయం బయట ఎర్రకొండల నడుమ ఐదుగురం జమాఅత్‌తో ఫజ్ర్ చదివాము. దాదీ మాత్రం మడత కుర్చీలో కూర్చుని.

ఆ అమరికగల బండినే, ఇన్షా అల్లాహ్, కొనాలని ఇప్పుడు నిశ్చయించుకున్నాము. కొనదలచిన ఇతర కుటుంబాలకు మా మనవి ఒక్కటే. ఎంతమంది పడుకోవచ్చని అమ్మకందారును అడగకండి. మీ ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్ళి, ఎవరి చోట వారిని పడుకోబెట్టి, తెర వేసి, జానమాజ్ పరచి చూడండి. ఇంట్లో పెద్దవారికి ఎక్కడం కష్టం కాకుండా, ఎదిగే బిడ్డకు సిగ్గు కలగకుండా ఉంటే ఆ బండి మీకు సరిపోయినట్లే. అల్లాహ్ మన ప్రయాణాలను సుగమం చేయుగాక, మన మజిలీలను శాంతినిలయాలుగా చేయుగాక. ఆమీన్.